నా పేరు దగ్గర ఆగిపోయే ప్రార్థన

పోయిన శనివారం మా ఖరగ్‌పూర్ పూరీ గేట్ దగ్గర మందుల షాపులో నా ముందు నిలబడిన పెద్దాయన ఒకరు మందు పేరు చెప్పబోయి మొదటి అక్షరం దగ్గరే చిక్కుకుపోయాడు. పెదవులు కదులుతున్నాయి, మెడ మీద నరం లేచింది, మాట మాత్రం రావడం లేదు. కౌంటరు వెనక అమ్మాయి ఓపిగ్గానే చూస్తోంది. నాకే ఆగలేదు. ఆయన చెయ్యి కడుపు మీద ఉండడం చూసి, "గ్యాసు మాత్రలేమో, ఇచ్చెయ్యండి దీదీ" అన్నాను. ఆయన వెనక్కి తిరిగి నాకేసి చూశాడు. కోపం లేదు. కాదన్నట్టు తలాడించి, మళ్ళీ మొదటి అక్షరం నుంచి మొదలుపెట్టాడు. ఆయనకు కావలసింది పసిపిల్లల దగ్గు మందు.

నేను నా మందులు తీసుకోకుండానే ఇంటికి వచ్చేశాను. మాట పట్టేసే మనిషితో పదిహేడేళ్ళు ఒకే కప్పు కింద బతికినదాన్ని. ఆయన పోయి రెండేళ్ళయింది. నేను నేర్చుకున్నది ఇంతేనా?

ఆయన మా అమ్మకు రెండో భర్త. మా నాన్న రైల్వే వర్క్‌షాపులో కలాసీగా ఉంటూ కామెర్లతో పోయాడు. అప్పటికి నాకు ఆరేళ్ళు. అమ్మకు రైల్వే ఆసుపత్రిలో ఆయా ఉద్యోగం ఇచ్చారు. మూడేళ్ళ తరవాత మా తెలుగు చర్చిలోనే ఈయన్ని పెళ్ళి చేసుకుంది. అదే వర్క్‌షాపులో ఫిట్టరు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కుటుంబం. నత్తి ఉందని నలభై ఏళ్ళ దాకా ఎవరూ పిల్లనివ్వలేదు. పెళ్ళి రోజు పాస్టరుగారి ప్రశ్నకు ఈయన జవాబు చెప్పగలడో లేదోనని చర్చంతా ఊపిరి బిగబట్టింది. చెప్పాల్సిన మాట "అంగీకరిస్తున్నాను". అచ్చులు ఆయనకు ఎప్పుడూ అడ్డం రాలేదు. గోడలు మోగేలా చెప్పాడు. ముందు బెంచీ మీద కూర్చున్న నేను సిగ్గుతో తల దించుకున్నాను. ఆయన విషయంలో నేను పడిన మొదటి సిగ్గు అదే.

నాన్న అని పిలవమని ఎవరూ నన్ను బలవంతం చెయ్యలేదు. చిన్నాన్నా అన్నాను. మా నాన్నను నువ్వు అనేదాన్ని. ఈయన్ని మీరు అన్నాను. చూసేవాళ్ళు ఎంత మర్యాదో అనుకునేవారు. అది మర్యాద కాదని ఇంట్లో ముగ్గురికీ తెలుసు.

ఆయన్ని ఆపేవి క, ఖ, గ. మాట మొదట్లో ఈ అక్షరాలు వస్తే చాలు, అక్కడే నిలిచిపోయేవాడు. అందుకని వాటిని తప్పించుకు తిరగడం ఆయనకు ఒక విద్యగా అబ్బింది. కూర అనడు, వేపుడనో పులుసనో అంటాడు. కేరేజీ అనడు, అన్నం డబ్బా అంటాడు. ఖరగ్‌పూర్ అన్న మాటే ఆయన నోట నేను వినలేదు. "మన ఊరు" అనేవాడు. శ్రీకాకుళం వెళ్ళి వచ్చేటప్పుడు చేతిలో పాసు లేకపోతే హౌరాకు టికెట్టు తీసుకుని మన ఊళ్ళో దిగిపోయేవాడు. ఎందుకలా అని అడిగితే నవ్వి, "హౌరా అనడం సులువు పాపా" అన్నాడు. అదే మనిషి చర్చిలో పాట అందుకుంటే ఒక్క అక్షరం కూడా తడబడేది కాదు. క, గ లన్నీ నీళ్ళలా జారిపోయేవి. పాట అయిపోయి కూర్చుంటూ పక్కవాడిని పుస్తకం పేజీ అడగాలంటే మళ్ళీ వేలితో చూపించాల్సిందే.

మా ఇంట్లో కుటుంబ ప్రార్థన ఉదయం పూట. వర్క్‌షాపు మొదటి సైరన్ మోగేలోగా అయిపోవాలి. అమ్మ అన్నం వార్చి డబ్బాలు సర్దేది. ఆయన స్నానం చేసి, నీలం చొక్కా తొడుక్కుని, చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చునేవాడు. ఎదురుగా అమ్మ, పక్కన నేను. ముందు ఒక పాట, తరవాత బైబిల్లో నాలుగు వాక్యాలు అమ్మ చదివేది. ఆ తరవాత ముగ్గురమూ వరసగా, నిన్నటి రోజులో జరిగిన ఒక్క మంచి సంగతి చెప్పి స్తోత్రం అనాలి. ఇది ఆయన పెట్టిన పద్ధతి. నిన్న చెప్పింది ఇవాళ చెప్పకూడదు.

"ఎందుకు చెప్పకూడదు? దేవుడికి గుర్తుంటుందా?" అని ఒకసారి పెడసరంగా అడిగాను.

"నిన్నటి టికెట్టు మీద ఇవాళ బండి ఎక్కనిస్తారేటి పాపా?" అన్నాడు.

ఆయన చెప్పే సంగతులు వింటే నాకు నవ్వొచ్చేది. రోగాలు నయమవడాలు, ప్రమోషన్లు ఉండేవి కావు. "అయ్యా, నిన్న వాన పడకముందే బట్టలు తీసేసినాము, స్తోత్రం." "అయ్యా, లేతు మిషను మీద ఏలు తెగిపోవాల్సింది, తోలు మాత్రం లేసింది, స్తోత్రం." "అయ్యా, బెండకాయలు లేతవి దొరికినాయి, స్తోత్రం." దేవుణ్ణి అయ్యా అనే పిలిచేవాడు. వాళ్ళ శ్రీకాకుళం వైపు తండ్రిని అలాగే పిలుస్తారు.

మొదటి రోజు నా వంతు వచ్చినప్పుడు, "నాకేమీ లేదు" అన్నాను. తొమ్మిదేళ్ళ పిల్ల చెప్పగలిగినంత మొండిగా చెప్పాను. అమ్మ కళ్ళు తెరిచి నన్ను గుడ్లురిమి చూసింది. ఆయన కళ్ళు తెరవలేదు. బొటనవేలు తొడ మీద నొక్కిపెట్టి, "అయ్యా, క... క..." అంటూ ఆగిపోయాడు. నా పేరు కరుణ. ఆయన నోటికి అంతకంటే కష్టమైన పేరు ఇంకొకటి లేదు. ఎంతసేపు పట్టిందో నాకు తెలీదు. అన్నం గిన్నె మీద మూత కదులుతున్న చప్పుడు వింటూ కూర్చున్నాను. చివరికి, "కరుణ నిజం సెప్పినాది, స్తోత్రం" అన్నాడు.

మామూలుగా నన్ను పాప అనే పిలిచేవాడు. ప అక్షరంతో ఆయనకు పేచీ లేదు. అమ్మే ఒకరోజు మెల్లగా అంది. "ప్రార్థనలో కూడా పాప అని సెప్పొచ్చు కదండీ. సైరన్ మోగిపోతన్నాది రోజూ."

ఆయన బూట్లు తొడుక్కుంటూ ఆగి, అమ్మకు కాదు, నాకు చెప్పినట్టు చెప్పాడు. "బయట పాపా అంటే నువ్వే పలుకుతావు. దేవుడి దగ్గర పాపలు సానామంది ఉన్నారు. పేరు సెప్పాల."

రోజంతా ఆ అక్షరాన్ని తప్పించుకు తిరిగే మనిషి రోజు మొదట్లో కావాలని దానికి ఎదురు వెళ్ళేవాడు. ఇది నాకు ఇప్పుడు అర్థమవుతోంది. అప్పుడు నాకు స్కూలుకు ఆలస్యమవుతోందన్నదొక్కటే తెలుసు.

పన్నెండేళ్ళప్పుడనుకుంటాను, ఒకరోజు పరీక్ష ఉంది. ఆయన నా పేరు దగ్గర ఆగాడు. నేను తట్టుకోలేక, "కరుణ, కరుణ! కరుణని దీవించు, పరీక్ష బాగా రాయించు, ఆమెన్!" అని గబగబా అనేసి లేచి నిలబడ్డాను. అమ్మ చెయ్యి ఎత్తింది. ఆయన ఆ చెయ్యి పట్టుకుని ఆపాడు.

"నువ్వు సెప్పిన ప్రార్థన బాగున్నాది పాపా. అది నీది. నాది నాను సెప్పుకోవాల. నువ్వు పో, టైమవతన్నాది" అన్నాడు.

నేను చెప్పులేసుకుని వాకిలి దాటేటప్పటికి లోపల ఆయన మళ్ళీ మొదలుపెట్టడం వినిపించింది. వాకిట్లో ఆగి వినొచ్చు. నేను ఆగలేదు.

కోపతాపాలు లేని ఇల్లని చెప్పను. అమ్మ నోరు పెద్దది. ఒకసారి ఇద్దరికీ మాటామాటా పెరిగి రెండు రోజులు మాట్లాడుకోలేదు. ఆ రెండో ఉదయం ఆయన చాప వేసుకుని, బైబిలు మూసే ఉంచి, అమ్మకెదురుగా అలా కూర్చున్నాడు. పాట లేదు, మాట లేదు. అమ్మ గిన్నెలు చప్పుడు చేసింది, బట్టలు తడిపింది, రెండుసార్లు బయటికెళ్ళి వచ్చింది. మొదటి సైరన్ మోగింది. ఆయన లేవలేదు. "డ్యూటీ లేదేటి మీకు?" అంది అమ్మ చివరికి. "మనసులో ఇది పెట్టుకుని స్తోత్రం ఎలా సెప్తాము?" అన్నాడు. అమ్మ నవ్వేసి, ఏడ్చేసి, వచ్చి కూర్చుంది. ఆ రోజు ఆయన వర్క్‌షాపు గేటు దగ్గర ఆలస్యం రాయించుకున్నాడు. మర్నాడు ప్రార్థనలో ఆ ఆలస్యానికి కూడా స్తోత్రం చెప్పాడు.

ఇలాంటి మనిషి పెంచితే పెరిగిన నేను ఆయనకు ఏం చేశానో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. రెండు సంగతులు ఉన్నాయి.

డిగ్రీ అయ్యాక హిజ్లీ కాలేజీ క్యాంపస్‌లో ఒక ఆఫీసులో నాకు చిన్న ఉద్యోగం దొరికింది. ఇంటి నుంచి సైకిలు మీద వెళ్ళేదాన్ని. ప్రతి ఆదివారం చర్చి అయ్యాక ఆయన ఆ సైకిలు తలకిందులుగా నిలబెట్టి చెయిను తుడిచి నూనె వేసేవాడు. వైశాఖంలో ఒకరోజు అన్నం డబ్బా మరిచిపోయి వెళ్ళాను. ఆయనకు ఆ రోజు సెలవు. మధ్యాహ్నం ఎండలో తన సైకిలు తొక్కుకుంటూ ఆ డబ్బా తీసుకుని ప్రేమ్ బజార్ వైపున్న క్యాంపస్ గేటు దగ్గరికి వచ్చాడు.

నేను అప్పుడు ఆఫీసు పనిమీద ప్రేమ్ బజార్‌లో జిరాక్సు షాపుకు వచ్చి ఉన్నాను. ఆఫీసులోనే పనిచేసే బెంగాలీ అమ్మాయి నా పక్కన ఉంది. షాపు ముందు రేకుల పంచ కింద నిలబడి చూస్తే గేటు కనిపిస్తుంది. ఆయన గార్డుతో మాట్లాడుతున్నాడు. అంటే, మాట్లాడబోతున్నాడు. డబ్బా మీద నా పేరు మేకుతో చెక్కి ఉంది. అది చూపిస్తే సరిపోయేది. ఆయనకు చెప్పాలని ఉంది. బొటనవేలు తొడ మీద నొక్కి, మెడ ముందుకు చాపి, క దగ్గర నిలబడిపోయాడు. గార్డు మంచివాడు. "ఆరామ్ సే దాదా, ఆరామ్ సే" అంటున్నాడు. పక్కన టీ బల్ల మీద కూర్చున్న కుర్రాళ్ళు ముగ్గురు. ఒకడు ఆయన్ని అనుకరించాడు. మిగతా ఇద్దరూ టీ ఒలికిపోయేలా నవ్వారు.

నా పక్కనున్న అమ్మాయి నా ముఖం చూసి, "చేనా లోక్?" అని అడిగింది. తెలిసినాయనా అని.

కాదన్నట్టు తలాడించాను.

అంతే కాదు. ఒక అడుగు వెనక్కి వేసి షాపు స్తంభం పక్కకు జరిగాను. ఆయన చివరికి డబ్బా మీది అక్షరాలు గార్డుకు చూపించి, ఆఫీసులకు టీ తీసుకెళ్ళే కొట్టతని చేతికి డబ్బా ఇచ్చి, చేత్తో ఆఫీసు వైపు చూపించి, సైకిలు ఎక్కి వెళ్ళిపోయాడు. ఆ డబ్బా నా బల్ల మీదకు నాకంటే ముందే చేరింది. నేను తిన్నాను. ఆకలేసింది, తిన్నాను.

మర్నాడు ఉదయం చాప మీద నా వంతు రాగానే ఏదో చెప్పాను. గుర్తు లేదు. అమ్మ ఏదో చెప్పింది. ఆయన వంతు వచ్చింది.

"అయ్యా, టీ అమ్మే దాదా మంచోడు. అన్నం అందించినాడు. స్తోత్రం" అన్నాడు. అక్కడితో అయిపోయిందనుకున్నాను. ఆయన బొటనవేలు తొడ మీదికి వెళ్ళింది. నా పేరు దగ్గర ఆగాడు. ఎప్పుడూ పట్టనంతసేపు పట్టింది ఆ రోజు. తరవాత అన్నాడు, "కరుణ నీడలో నిలబడినాది. ఎండ తగల్లేదు. స్తోత్రం."

అమ్మ ఆమెన్ అంది. అమ్మకు అదేదో మామూలు మాట. నేను కళ్ళు తెరిచాను. ఆయన కళ్ళు మూసుకునే ఉన్నాడు. ఆ ముఖంలో నన్ను దెప్పుతున్న జాడ ఏదైనా ఉందేమోనని వెతికాను. ఉండి ఉంటే బాగుండేది, నేనూ కోపం తెచ్చుకునేదాన్ని. లేదు. ఆయనకు నిజంగానే ఎండ తగలకపోవడం మంచి సంగతి. ఆ రోజే కాళ్ళ మీద పడి క్షమించమని అడగాల్సింది. సైరన్ మోగింది. ఆయన బూట్లు తొడుక్కున్నాడు.

రెండో సంగతి నా ప్రధానం.

నాకు ఇరవై ఆరేళ్ళప్పుడు విశాఖపట్నం సంబంధం కుదిరింది. మావాళ్ళలో ప్రధానం రోజు ఉంగరాలు మార్చుకునే ముందు అమ్మాయి తండ్రి లేచి కృతజ్ఞతా ప్రార్థన చెయ్యడం ఆనవాయితీ. చిన్నాన్న నెల్లాళ్ళ ముందు నుంచే సిద్ధమవుతున్నాడు. సైకిలు మీద వర్క్‌షాపుకు వెళ్తూ పెదవులు కదిలించుకుంటూ పోతున్నాడని పక్క క్వార్టరు బెంగాలీ వదిన చెప్పి నవ్వింది. పెరట్లో మొక్కలకు నీళ్ళు పోస్తూ ఒకే మాట మీద నిలబడిపోవడం నేనూ చూశాను. నీళ్ళ చెంబు ఖాళీ అయినా వంచే పట్టుకుని ఉన్నాడు.

నాకు భయం పట్టుకుంది. నాకు మామగారు కాబోయే ఆయన రిటైరైన హెడ్మాస్టరు, గొప్ప మాటకారి. విశాఖ నుంచి నలభైమంది వస్తున్నారు. అందరూ కళ్ళు మూసుకుని, మెడలు వంచుకుని ఉండగా ఈయన నా పేరు దగ్గర ఆగిపోతే? ఎవరైనా దగ్గితే? చిన్నపిల్లలెవరైనా నవ్వితే?

మా పెదనాన్న, అంటే చనిపోయిన మా నాన్నకు అన్నగారు, చర్చిలో సంఘ పెద్ద. మైకు లేకుండా చివరి బెంచీ దాకా వినిపించే గొంతు. నేనే వెళ్ళి ఆయన్ని అడిగాను. "నువ్వు అడగాలేటమ్మా, మా తమ్ముడి కూతురివి" అన్నాడు సంతోషంగా. ఆ తరవాత ఇంటికి వచ్చాను. చిన్నాన్న గుమ్మంలో కూర్చుని ప్రధానానికి చర్చి కుర్చీలు ఎన్ని కావాలో కాగితం మీద రాసుకుంటున్నాడు.

"చిన్నాన్నా, ప్రార్థన పెదనాన్న చేస్తానన్నాడు" అన్నాను. నేనే అడిగానని చెప్పలేదు.

ఆయన పెన్సిలు ఆగింది. నాకేసి చూశాడు. ఏదో అడగబోయాడు. మొదటి మాట క మీదో గ మీదో ఉండి ఉంటుంది, రాలేదు. నేను ఆ మాట కోసం ఆగలేదు. "ఆయన పెద్దాయన, కాదంటే బాగుండదు. మీకు కూడా శ్రమ" అన్నాను.

"అలాగే పాపా" అన్నాడు. "మీ పెదనాన్న బాగా సేస్తాడు."

లోపలికి వెళ్తే పొయ్యి దగ్గర అమ్మ. అంతా వింది. "నెల్నాళ్ళ నుంచి అదే పనిగా ఉన్నాడే మనిషి" అంది. అమ్మ తిట్టకుండా వదిలేసిన సందర్భం నా జీవితంలో అదొక్కటే.

పెదనాన్న నిజంగానే బాగా చేశాడు. ఆదికాండం నుంచి ఎత్తుకుని, ఎక్కడా ఊపిరి తీసుకోకుండా, అందరి కళ్ళూ చెమర్చేలా చేశాడు. పరలోకంలో ఉన్న మా నాన్నను తలుచుకున్నాడు. కష్టపడి పెంచిన తల్లిని తలుచుకున్నాడు. దూరం నుంచి వచ్చిన బంధువుల్ని, వండినవాళ్ళని, కుర్చీలు వేసినవాళ్ళని కూడా తలుచుకున్నాడు. పదిహేడేళ్ళు నా పేరు కోసం రోజూ మెడ నరాలు తెంచుకున్న మనిషి మాత్రం ఆ ప్రార్థనలో లేడు. పెదనాన్న కావాలని వదిలెయ్యలేదనే అనుకుంటాను. ఆయనకు తట్టలేదు. నాకు తట్టింది. ఇప్పుడు వస్తుంది ఆయన పేరు, ఇప్పుడు వస్తుంది అని చివరిదాకా ఎదురుచూశాను. రాలేదు. ప్రార్థన అయ్యాక నేను లేచి ఒక్క మాట అనొచ్చు. పట్టుచీర, పూలు, నలభైమంది. అనలేదు.

అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది చిన్నాన్నే. అచ్చు కదా. ఆ వెంటనే తువ్వాలు నడుముకు చుట్టుకుని వడ్డనకు వెళ్ళాడు.

పెళ్ళయ్యాక ఎనిమిదేళ్ళు విశాఖలో ఉన్నాము. రోజూ ఉదయం ఆరింటికి చిన్నాన్న ఫోను చేసేవాడు. అటువైపు ఆయనా అమ్మా, ఇటువైపు నేనూ. ఫోను స్పీకరులో పెట్టి పొయ్యి పక్కన నిలబెట్టి నా పని నేను చేసుకునేదాన్ని. ఇప్పుడు నా పేరుతో పాటు మా ఆయన పేరు, పాప పుట్టాక పాప పేరు కూడా వచ్చి చేరాయి. మా పాపకు నేను పెట్టుకున్న పేరు గ్రేస్. ఆ పేరు పెట్టేటప్పుడు ఆయన నాలుక నాకు గుర్తుకు రాలేదు. ఒక మాటైనా అనకుండా ఆయన ఆ గ కూడా మొయ్యడం మొదలుపెట్టాడు. పప్పు పొంగుతోందనో, బస్సు వచ్చేస్తోందనో మధ్యలో ఫోను పెట్టేసిన రోజులు ఎన్నో. "సిగ్నల్ పోయినట్టున్నాది" అని అమ్మతో అనేవాడట. అని, ఫోను చేతిలో అలాగే పట్టుకుని మిగిలిన ప్రార్థన పూర్తి చేసేవాడట.

తరవాత మా ఆయనకు ఇటే బదిలీ అయింది. పూరీ గేట్‌లో ఇల్లు తీసుకున్నాము. అప్పటికి చిన్నాన్న రిటైరై, అమ్మతో దగ్గర్లోనే ఒక చిన్న అద్దె ఇంట్లో ఉంటున్నాడు. దగ్గరున్నాను కదా, ఎప్పుడైనా చెప్పొచ్చులే అనుకున్నాను. గేటు సంగతి, ప్రధానం సంగతి. అలా ఎప్పుడైనా అనుకుంటూ ఆరేళ్ళు గడిపాను.

రెండేళ్ళ కిందట గుండె జబ్బుతో ఆయన్ని ఆసుపత్రిలో చేర్చాము. వారం రోజులు ఉన్నాడు. ఒక సాయంత్రం అమ్మను ఇంటికి పంపి నేను కూర్చున్నాను. ఆ రోజు ఆయన ముఖం తేటగా ఉంది. కిటికీలోంచి రైలు వెళ్తున్న చప్పుడు వింటున్నాడు. ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేననిపించింది.

"చిన్నాన్నా, ఆ ప్రధానం రోజు..." అన్నాను.

అక్కడ ఆగిపోయాను. మాట లోపల ఉంది, పైకి రాదు. ఆయన నాకేసి తల తిప్పి చూశాడు. నేనేం చెప్పబోతున్నానో ఆయనకు తెలుసని ఆ కళ్ళలో తెలుస్తూనే ఉంది. పోనీలే పాపా అనేసి ఉండొచ్చు. ఆ మాట తనే అందించేసి నన్ను ఒడ్డున పడెయ్యొచ్చు. అలా చెయ్యలేదు. ఇంకొకళ్ళ మాట తన నోటితో పూర్తి చెయ్యడం ఆయనకు చేతకాదు. ఎదురుచూస్తూ ఉన్నాడు. ఆయన కోసం నేను ఒక్కరోజు కూడా అలా ఎదురుచూడలేదు.

"తొందరేటీ లేదు పాపా. నిదానంగా సెప్పు" అన్నాడు.

నేను వంగి మంచం కింద సంచిలోంచి డబ్బా తీశాను. తరవాత, "డబ్బాలో పెరుగన్నం తెచ్చినాను. తింటారా?" అన్నాను.

ఆయన ఇంకాసేపు చూశాడు. తరవాత తలాడించాడు. నాలుగు చెంచాలు తిన్నాడు. తినే ముందు కళ్ళు మూసుకుని, ఆ పెరుగన్నానికి, అది తెచ్చిన నాకు, పేరు పెట్టి స్తోత్రం చెప్పాడు. నేను గోడ గడియారం వైపు చూడలేదు. అంతవరకే చెయ్యగలిగాను.

ఆ మూడో రోజు తెల్లవారుజామున పోయాడు.

సమాధి అయిన తరవాతి శనివారం చర్చిలో జ్ఞాపకార్థ కూడిక పెట్టారు. కూతురిగా నన్ను మాట్లాడమన్నారు. రాసుకుని వెళ్ళాను. ఆయన విశ్వాసం గురించి, కుటుంబ ప్రార్థన క్రమం గురించి, కృతజ్ఞత గురించి పది నిమిషాలు మాట్లాడాను. వర్క్‌షాపు నుంచి వచ్చిన ఆయన తోటివాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. నత్తి అన్న మాట రాకుండా జాగ్రత్త పడ్డాను. గేటు లేదు, జిరాక్సు షాపు లేదు, ప్రధానం లేదు. బయటికి వస్తుంటే పెదనాన్న కర్ర ఆనుకుని దగ్గరికి వచ్చి నా తల మీద చెయ్యి పెట్టాడు.

"బాగా మాట్లాడినావమ్మా. ఎక్కడా తడబడలేదు" అన్నాడు.

అమ్మను రిక్షాలో కూర్చోబెట్టుకుని ఇంటికి తీసుకొస్తున్నాను. దారిలో సగం దాటాక అమ్మ చెంగు సర్దుకుంది. తరవాత, రోడ్డు వైపే చూస్తూ అంది.

"బాగానే సెప్పినావు. ఎవరి గురించో అనుకున్నాను."

ఆ రాత్రి నేనూ మా ఆయనా పాపా అమ్మ ఇంట్లోనే పడుకున్నాము. మర్నాడు ఆదివారం. అమ్మ ఎప్పటిలాగే చాప వేసింది. పాట అయ్యింది, వాక్యం అయ్యింది. అమ్మ తన వంతు చెప్పింది. మా ఆయన చెప్పాడు. గ్రేస్ చెప్పింది. నా వంతు వచ్చింది. మంచి సంగతి ఒక్కటి చెప్పాలి.

"అయ్యా" అన్నాను. "మా నాన్న నన్ను ప్రేమ్ బజార్ గేటు దగ్గర చూసినాడు."

అమ్మ కళ్ళు తెరిచింది. మళ్ళీ మూసుకుంది. నేను మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాను.